తగరం మునిగింది, బిస్మత్ తేలింది

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే నేను చేపల మార్కెట్ దగ్గర ఐసుగడ్డ కోసం నిలబడి ఉన్నాను. ఇటుక కన్నా కాస్త పెద్ద గడ్డ కావాలి, పగుళ్లు ఉండకూడదు. చేపలమ్మే ఆమె నా చేతిసంచిలోకి తొంగి చూసి, "ఏం చేపలు పెడ్తవమ్మా దీంట్ల?" అని అడిగింది. "చేపలు కాదు, పాఠం" అన్నాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు గానీ, కరగకుండా గోనెపట్టాలో గట్టిగా చుట్టి ఇచ్చింది.

నేను ఆర్మూర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఫిబ్రవరి వచ్చిందంటే మా క్లాసు సగం నిద్రలో ఉంటుంది. వేల్పూర్, ఆలూర్, నందిపేట్ నుంచి షేర్ ఆటోల్లో వచ్చే పిల్లలు. ఇంటి దగ్గర పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబోయడం. తెల్లవారకముందే లేచి ఆ పని చేసి, గోళ్లకింద పసుపుతోనే వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. వాళ్లను లేపడానికి నా దగ్గర ఒకటే మందు ఉంది. అదే ఐసుగడ్డ ప్రయోగం. పదహారేళ్లుగా ఏటా చేస్తున్నాను, ఒక్కసారి కూడా వమ్ము కాలేదు.

రెండు బెంచీల మధ్య ఐసుగడ్డను వంతెనలా పెడతాను. దాని మీదుగా సన్నని ఉక్కుతీగ వేసి, తీగ రెండు కొసలకూ చెరొక ఇటుక వేలాడదీస్తాను. తీగ మెల్లగా గడ్డలోకి దిగుతుంది. దిగిన దారి మళ్లీ గడ్డకట్టుకుంటుంది. చివరికి తీగ కింది నుంచి ఊడి, ఇటుకలు దబ్బున నేల మీద పడతాయి. గడ్డ మాత్రం రెండు ముక్కలు కాకుండా అలాగే నిలబడి ఉంటుంది. ఆ దబ్బు శబ్దానికి వెనక బెంచీ కూడా లేచి నిలబడుతుంది.

ఆ రోజూ అలాగే అయింది. చప్పట్లు, ఈలలు. ఆ ఊపులో నేను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: "ఒత్తిడి పెరిగితే పదార్థం త్వరగా కరుగుతుంది." కింద రెండు గీతలు కూడా గీశాను.

మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. వేల్పూర్ నుంచి వస్తుంది, వాళ్లది పసుపు, మక్కజొన్న వేసే కుటుంబం. జూన్ నుంచి అప్పటిదాకా ఆ అమ్మాయి గొంతు నేను హాజరు పిలిచినప్పుడు తప్ప వినలేదు.

"మేడమ్, అన్నీ గట్లనే కరుగుతయా? ఇనుము గూడనా?"

"అన్నీ అంతే" అన్నాను, సుద్దముక్క దులుపుకుంటూ.

"మరి భూమి నడిమిట్ల ఇనుము గట్టిగ ఉంటదని కిందటి క్లాసులల్ల చదివినం గద. ఆడ వేడి మస్తుంటది. ఒత్తిడి గూడ మస్తుంటది. రెండూ ఉంటె ఇంకా జల్ది కరగాలె గద మేడమ్. గట్టిగ ఎట్లున్నది?"

క్లాసు నా వైపు తిరిగింది. నేను బోర్డు వైపు తిరిగాను. నా చేత్తో రాసిన వాక్యం, కింద రెండు గీతలు. ఆ అమ్మాయి అడిగిన దానిలో ఎక్కడా లొసుగు లేదు. తప్పంటూ ఉంటే అది నా వాక్యంలోనే ఉండాలి.

"రేపు చెప్తాను" అన్నాను. పదహారేళ్లలో ఆ మాట నేను క్లాసులో అనడం అదే మొదటిసారి అనుకుంటాను.

సాయంత్రం ఇంటికి పోగానే అటక మీది ట్రంకుపెట్టె దింపించి, నా డిగ్రీ పుస్తకాలు తీశాను. ఉష్ణశాస్త్రం పుస్తకంలో నేనే పెన్సిలుతో గీత గీసుకున్న పేరా కనబడింది. కరిగినప్పుడు వ్యాకోచించే పదార్థాలకు, ఒత్తిడి పెరిగితే కరిగే వేడి కూడా పెరుగుతుంది. కరిగినప్పుడు కుంచించుకుపోయే వాటికి, అంటే ఐసు లాంటి కొన్నిటికి మాత్రమే, తగ్గుతుంది. లోహాల్లో దాదాపు అన్నీ మొదటి రకమే.

అంటే ఐసుది విడ్డూరమైన స్వభావం. ఆ ఒక్క విడ్డూరాన్ని చూపించి, ప్రపంచమంతా ఇంతే అని పదహారు బ్యాచుల పిల్లలకు చెప్పాను. గీత గీసుకుని మరీ చదివి, మరిచిపోయి చెప్పాను! సిగ్గేసింది. ఆ సిగ్గు పట్టుమని పది నిమిషాలు కూడా నిలవలేదు, నిజం చెప్పాలంటే. దాన్ని తోసుకుంటూ ఇంకేదో వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత నాకు తెలియని విషయం ఒకటి నా ముందు తలుపు తీసుకుని నిలబడినట్టు అనిపించింది. లేచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి తిరగసాగాను.

గట్టి ముక్క తను కరిగిన ద్రవం కన్నా తక్కువ చోటు తీసుకుంటే, అది దానికన్నా చిక్కగా, బరువుగా ఉండాలి. అంటే తన ద్రవంలో తానే మునగాలి. ఐసు కరిగితే చోటు తగ్గుతుంది, కాబట్టి ఐసు నీళ్లమీద తేలుతుంది. ఎంత తేలిక పరీక్ష! నొక్కితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి నొక్కాల్సిన పనే లేదు. గట్టి ముక్క తన ద్రవంలో తేలుతుందా, మునుగుతుందా, అది చూస్తే చాలు.

పొయ్యి పక్కన నెయ్యి గిన్నె ఉంది. సగం నెయ్యి కరిగించి, గడ్డగా ఉన్న నెయ్యి ఒక చెంచాడు అందులో వేశాను. బుడుంగున అడుక్కి పోయింది.

"అత్తమ్మా, మునిగింది!" అని కేకపెట్టాను.

మా అత్తమ్మ హాల్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఎవలు? ఏడ మునిగిండ్రు?"

"నెయ్యి మునిగింది. నెయ్యిలో."

ఆమె గిన్నె వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "కాలేజీ నుంచి వచ్చి గింత చాయ తాగినవా లేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చాయ పెట్టింది.

మరునాడు క్లాసులో నెయ్యి సంగతి చెప్పాను. పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"నెయ్యి లోహం కాదు గద మేడమ్."

"కాదు" అన్నాను. "లోహం కరగబోసే చోటు మనకెక్కడుంది?"

"మా పసుపు బాయిలర్ బాగుచేసే చాచా దగ్గర ఉన్నది. కళాయి పోస్తడు. తగరం ఆయన దగ్గర ఎప్పటికీ ఉంటది. మా బాపు ఆదివారం బాయిలర్ వాల్వు పట్టుకొని పోతుండు. నేను గూడ వస్త. మీరు వస్తరా?"

ఆ వారంలో మిగిలిన రోజులు ఎంత మెల్లగా గడిచాయో నాకే తెలుసు.

చాచా వర్క్‌షాపు నిజామాబాద్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. ముందు నాలుగు పసుపు బాయిలర్లు వరుసగా నిలబడి ఉన్నాయి, ట్రాక్టరు వెనక కట్టుకుని ఊరూరా తిప్పే రకం. ఒకదాని డ్రమ్ములో ఇంకా ఉడికిన పసుపు వాసన ఉంది. చాచాకు డెబ్బై దాటి ఉంటాయి. తాతల కాలం నుంచి వాళ్లది ఇంటింటికీ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే కుటుంబం. స్టీలు గిన్నెలొచ్చాక ఆయన వెల్డింగు నేర్చి బాయిలర్ల పనిలోకి దిగాడు. అయినా కొలిమి మాత్రం మూసేయలేదు. పెళ్లి వంటల డేగిసాలు ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తాయట.

అమ్మాయి, వాళ్ల బాపు నాకన్నా ముందే వచ్చి ఉన్నారు. నేను సంగతంతా చెప్పాను. చాచా నెమ్మదిగా విని, గడ్డం గోక్కున్నాడు.

"అంటె మేడమ్, కరిగిన తగరంల తగరం ముక్క వెయ్యాలె. గంతేనా?"

"అంతే చాచా."

"దీనికోసం ఆదివారం పొద్దుగాల కాలేజి మేడమ్ నా దుకాణానికి వచ్చిందా?" అని ఆ అమ్మాయి బాపు వైపు చూసి నవ్వాడు. కానీ అప్పటికే ఆయన చెయ్యి బ్లోయరు తిప్పుతోంది.

పెద్ద ఇనుప గరిటెలో తగరం కరిగింది. పైన పొర తీసేస్తే కింద అద్దంలా మెరిసింది. నేను తగరం ముక్క తీసుకుని దగ్గరికి పోబోయాను. చాచా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి. గీ ముక్కను ముందు జర కొలిమి అంచుకు పెట్టి వెచ్చజెయ్యాలె. ఏడన్న తడి ఉంటె, లోపల పడంగనె ఆవిరై తగరం మొకం మీదికి ఎగుర్తది. బేటీ, నువ్వు గా తలుపు కాడికి జరుగు."

ముక్కను వెచ్చచేసి, పట్టుకారుతో మెల్లగా గరిటెలోకి వదిలాడు. అది రాయిలా కిందికి పోయింది. ఆయన ఇనుపకడ్డీతో అడుగున తట్టాడు. టిక్కుమని శబ్దం వచ్చింది. ఇంకోసారి టిక్కు. తర్వాత ఏ శబ్దమూ రాలేదు. ముక్క కరిగిపోయింది.

"మునిగింది!" అని అమ్మాయి, నేను ఒకేసారి అరిచాం.

"మునగక ఏం జేస్తది?" అన్నాడు చాచా. "పదేండ్ల పోరన్నప్పటి సంది చూస్తున్న. ఎప్పుడేసినా మునుగుతది."

"ఎందుకు మునుగుతుందో ఎప్పుడైనా అనుకున్నారా?"

"గా ఫికరు నాకెందుకు మేడమ్? కానీ ఒకటి చెప్త చూడుండ్రి." ఆయన గరిటెలోని తగరాన్ని ఒక ఇనుప గిన్నెలోకి వంచి, చల్లారనిచ్చాడు. అంచుల నుంచి గడ్డకడుతూ వచ్చింది. అంతా గట్టిపడ్డాక నడుమ చిన్న గుంట పడింది. వేలితో చూపించాడు. "పోసినప్పుడు నిండుగ ఉండె. సల్లారినంక లోపలికి గుంజుకుంటది. గందుకే ఏది పోత పోసినా మేము జర ఎక్కువ పోస్తం. లేకుంటె సామాను తక్కువ పడ్తది."

నేను పుస్తకంలో వెతికి తీసిన సంగతి, ఆయన గిన్నెలో గుంటగా పడి ఉంది. ఆ అమ్మాయి ఆ గుంటలోకి వంగి చాలాసేపు చూసింది. పెదవులు కదులుతున్నాయి. ఉన్నట్టుండి తలెత్తింది.

"మేడమ్! గట్టిగున్నప్పుడు తక్కువ జాగ పడ్తది. కరిగితె ఎక్కువ జాగ కావాలె. మీదికెల్లి నొక్కితె కరగనీకి జాగ దొరకది. గందుకే గట్టిగనే ఉంటది! కరగాలంటె ఇంకింత వేడి కావాలె!"

"అదే! అంతే!" అన్నాను. ఆ అమ్మాయి చేతులు రెండూ పట్టుకుని ఊపేశాను.

"భూమి నడుమ గూడ గదేనా?"

"అదే. అక్కడ ఒత్తిడి మన మీదున్న గాలి ఒత్తిడికి ముప్పై లక్షల రెట్లకు పైనే. బయట ఇనుము పదిహేను వందల డిగ్రీలు దాటగానే కరుగుతుంది. అక్కడ ఐదువేలు దాటినా కరగదు."

వాళ్ల బాపు వాల్వు చేతిలో పట్టుకుని అంతా వింటున్నాడు. "అంటె మన కాళ్ల కింద గంత వేడి గడ్డ ఒకటున్నదా?" అని నేల వైపు చూశాడు. తర్వాత కాస్త పక్కకు జరిగి నిలబడ్డాడు.

అందరికన్నా ఎక్కువ ఊపు చాచాకు వచ్చింది. షెడ్డు మూలనున్న ఇరవై టన్నుల జాకీ చూపించాడు. "మేడమ్, నొక్కి చూద్దామా? ఉక్కు గొట్టంల తగరం పోసి, మీదికెల్లి పిస్టన్ పెట్టి జాకీతోని నొక్కుదం. ఎంత వేడికి కరుగుతదో చూద్దం."

నేను అక్కడికక్కడే నోటుబుక్కు తీశాను. వెయ్యి వాతావరణాల ఒత్తిడికి, అంటే గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లకు, తగరం కరిగే వేడి పెరిగేది మూడు డిగ్రీలే. అదే లెక్కలో పెద్ద నిరాశ అనుకున్నాను. కానీ ఇరవై టన్నుల బరువును రూపాయి బిళ్ళంత పిస్టన్ మీద పెడితే ఐదువేల వాతావరణాలు అవుతుంది. పదిహేను డిగ్రీలు! పదిహేను డిగ్రీలంటే మా ల్యాబులో ఉన్న మీటరుతోనే కొలవొచ్చు. ఆర్మూర్‌లో, రేకుల షెడ్డులో, పసుపు బాయిలర్ల నడుమ, ఒత్తిడి కింద లోహం కరిగే వేడిని కొలవబోతున్నాం!

నేను లెక్క చదివి వినిపిస్తుంటే చాచా మొహంలో ఉత్సాహం మెల్లగా తగ్గింది. గొట్టాన్నీ పిస్టన్‌నూ చేతిలో తిప్పి చూశాడు.

"వద్దు మేడమ్" అన్నాడు.

"ఎందుకు? లెక్క సరిపోయింది కదా!"

"లెక్క సరిపోతది. గీ సందు సరిపోదు." పిస్టన్‌కూ గొట్టానికీ మధ్య వెంట్రుకంత ఖాళీ చూపించాడు. "తగరం కరిగినంక గీ సందులకెల్లి తూటా తీర్గ చిమ్ముతది. ముందల ఎవలుంటె వాళ్ల కండ్లు పోతయ్. బాయిలర్ల పని చేసెటోన్ని, ఒత్తిడి ఏం జేస్తదో నాకెరుకే."

నేను ఇంకేదో అనబోయాను. ఆయన జాకీని కాలితో మూలకు తోసేశాడు. మాట అక్కడితో అయిపోయింది. ఉసూరుమనిపించింది గానీ, ఆయన చెప్పింది నిజమని నాకూ తెలుసు.

అప్పుడు అమ్మాయి అడిగింది: "మేడమ్, ఐసు తీర్గ ఉల్టా ఉండే లోహం ఒక్కటి గూడ లేదా?"

ఉంది. ముందురోజే చదివాను. బిస్మత్. అది కూడా ఐసులాగే కరిగితే కుంచించుకుపోతుందని ఆమెకు చెప్పాను. ఒట్టి బిస్మత్‌ను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రమే ఫోనులో అరకిలో ఆర్డరు పెట్టాను. ఐదు రోజుల్లో వస్తుందన్నారు, తొమ్మిది రోజులైంది. రోజూ ఆ అమ్మాయి క్లాసు గుమ్మంలో కళ్లతోనే అడిగేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. చివరికి పార్సెలు వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. అత్తమ్మ తీసుకుంది. నేను రాగానే, "గింత చిన్న డబ్బా, గింత బరువేందే? ఇది మల్ల దేంట్ల ముంచుతవు?" అంది. విప్పి చూస్తే, వెండిరంగు ముక్కలు, అంచుల్లో లేత గులాబీ ఛాయ. అత్తమ్మ ఒకటి తీసుకుని వెలుతురులో తిప్పింది. "మంచిగనే ఉన్నది" అని ఒప్పుకుంది.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ వర్క్‌షాపులో కలిశాం. ఈసారి అమ్మాయి బాపుకు బాగుచేయించే వాల్వు ఏమీ లేదు, ఊరికే చూడ్డానికే వచ్చాడు. బిస్మత్ కరగడానికి ఎక్కువసేపు పట్టలేదు. చాచా చిన్న ముక్కను వెచ్చచేసి వదిలాడు. అది పడ్డ క్షణంలోనే కరిగి కలిసిపోయింది. తేలిందో మునిగిందో ఎవరికీ కనబడలేదు. రెండో ముక్క కూడా అంతే.

తెచ్చిందే అరకిలో.

"తప్పు నాదే" అన్నాడు చాచా. "మస్తు కాలింది. ఇంత వేడిల ఏదేసినా నిలవది." గరిటెను కొలిమి మీంచి దించి, ఇసుక మీద పెట్టాడు. వంగి, రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అంచున సన్నటి పొర కట్టడం మొదలైంది. అంతవరకూ ఆగి, ఈసారి కాస్త పెద్ద ముక్క తీసుకున్నాడు. పొర పక్కకు నెట్టి, మెరుస్తున్న చోట ముక్కను వదిలాడు.

తేలింది.

నీళ్లలో ఐసుముక్క ఎలా తేలుతుందో అలాగే, కొద్దిగా పైకి కనబడుతూ తేలింది. నేను చప్పట్లు కొట్టబోయాను. చాచా చెయ్యెత్తి ఆపాడు.

"జర ఆగుండ్రి. పైన తెట్టు ఉన్నది. తెట్టు మీద ఆగిందేమో. ముంచి చూడాలె." ఇనుపకడ్డీతో ముక్కను అడుగుదాకా నొక్కాడు. కడ్డీ తీశాడు.

ముక్క కింది నుంచి గభాలున పైకి లేచింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది.

"సుబ్హానల్లా!" అన్నాడు చాచా. కడ్డీ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. "లోహం మీద లోహం తేలుడు! నా ఉమర్ల చూడలె. మా అబ్బాజాన్ గూడ చూసి ఉండడు." మూడోసారి నొక్కాడు, నాలుగోసారి నొక్కాడు. ఇక మాకోసం కాదు, తన కోసమే నొక్కుతున్నాడని తెలుస్తూనే ఉంది. అమ్మాయి తలుపు దగ్గరే ఎగిరి గంతులేస్తోంది. వాళ్ల బాపు ఫోను తీసి వీడియో పట్టడం మొదలుపెట్టాడు, కానీ నవ్వుతున్నాడు కాబట్టి ఫోను ఊగిపోయింది. ఆ వీడియోలో మా నలుగురి అరుపులు తప్ప ఏమీ కనబడవు.

చల్లారేటప్పుడు ఇంకో వింత జరిగింది. తగరానికి గుంట పడిన చోట, బిస్మత్‌కు నడుమ పొక్కులా ఉబ్బి పైకి వచ్చింది. గడ్డకడుతూ చోటు చాలక, లోపలి ద్రవాన్ని పైకి తోసేసింది. గుంట ఉన్న తగరాన్ని ఒక చేతిలో, పొక్కు ఉన్న బిస్మత్‌ను ఇంకో చేతిలో పట్టుకుని, చాచా వెలుతురులోకి వచ్చి నిలబడ్డాడు.

"బేటీ, దీన్ని నొక్కితె?" అని అమ్మాయిని అడిగాడు, పొక్కు చూపిస్తూ.

"జల్ది కరుగుతది. ఐసు తీర్గ."

"దీన్ని నొక్కితె?"

"కరగది. ఇంకింత వేడి అడుగుతది."

ఆయన తల ఊపాడు. "సమజైంది" అన్నాడు. డెబ్బై దాటిన మనిషి ఆ మాట అన్న తీరు చూసి, ఈయనను మా కాలేజీకి తీసుకుపోవాలని నేను అప్పుడే అనుకున్నాను.

ప్రిన్సిపాల్ ముందు ఒప్పుకోలేదు. కాలేజీలో కొలిమా, పిల్లల మీద పడితే ఎవరిది బాధ్యత అన్నారు. చాచా జాకీని ఎలా కాలితో తోసేశాడో చెప్పాను. ఆ కథ పనిచేసింది. ఆవరణలో, పిల్లలు పది అడుగుల దూరంలో గీసిన సున్నపు గీత దాటకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

బుధవారం చాచా ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు దాన్ని విప్పి జాగ్రత్తగా మడిచి, లోపలున్న పాత చొక్కాతో కూర్చున్నాడు. నేను పిల్లల ముందు నిలబడి ముందుగా చెప్పాల్సింది చెప్పేశాను.

"ఒత్తిడి పెరిగితే అన్నీ త్వరగా కరుగుతాయని మొన్న బోర్డు మీద రాశాను. అది తప్పు. మీకు మాత్రమే కాదు, పదహారేళ్లుగా అందరికీ తప్పు చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. ఒక పిల్లవాడు మాత్రం, "మరి పరీక్షల ఏం రాయాలె మేడమ్?" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు, నేను కూడా.

ఆ తర్వాత పాఠం నేను చెప్పలేదు. చాచా తగరం ముంచాడు, బిస్మత్ తేల్చాడు, ప్రతిసారీ కడ్డీతో నొక్కి, "తెట్టు మీద ఆగలేదు, చూస్కోండ్రి" అని నిరూపించాడు. ఆ అమ్మాయి పక్కన నిలబడి వివరించింది. జూన్ నుంచి మాట్లాడని అమ్మాయి! ఎవరో అడిగారు, "మరి భూమిల గట్టి గడ్డ చుట్టు కరిగిన ఇనుము ఉంటదంటరు గద, గదెట్ల?" అని. ఆమె నా వైపు చూసింది. నువ్వే చెప్పమని తల ఊపాను. ఒక్క క్షణం ఆలోచించి చెప్పింది: "నడిమిట్లున్నంత ఒత్తిడి దానికి జర మీద ఉండది. గక్కడున్న వేడికి గా ఒత్తిడి సరిపోదు. గందుకే కరిగి ఉంటది." నేను చెప్పినా ఇంతకన్నా సూటిగా చెప్పేదాన్ని కాదు. చూస్తుండగానే సున్నపు గీత దాటి ముందుకొచ్చిన మొదటి మనిషి ప్రిన్సిపాల్. చాచానే ఆయన్ను వెనక్కి జరగమన్నాడు.

ఆ రాత్రి నా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తప్పు దిద్దుకుంటూ నాలుగు వాక్యాలు రాసి, బిస్మత్ పొక్కు ఫొటో పెట్టాను. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. పొద్దున లేచేసరికి ఫోను నిండిపోయింది. ఒక నర్సు, ఒక ఎరువుల దుకాణదారు, ఇద్దరు టీచర్లు, పోలీసు ఉద్యోగం వచ్చిన ఒకమ్మాయి. "మేడమ్, ఐసుగడ్డ యాదికున్నది, మీరేం చెప్పిండ్రో యాదికి లేదు" అని ఒకడు రాశాడు. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత బంధువుల ఇంట్లో పని ఉండి నందిపేట్ ఆటో ఎక్కాను. నడిపేవాడు నా పాత విద్యార్థే. వెనక నలుగురు, ముందు ఇద్దరు. ఊరు దాటగానే వాడు అద్దంలోంచి నన్ను చూస్తూ, పక్కన కూర్చున్న పెద్దాయనకు చెప్పడం మొదలుపెట్టాడు. "కాకా, భూమి నడిమిట్ల ఇనుప గడ్డ ఉన్నది, ఎరుకేనా? మస్తు వేడి. అయినా కరగది. ఎందుకంటె మీద బరువు." ఆటో అంతా వింటోంది. వాడి హ్యాండిలు మీద నా దృష్టి ఉంది గానీ, ఆపబుద్ధి కాలేదు.

నా పక్కన విత్తనపు పసుపు సంచీ ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ వాణ్ణి ఆపింది. "గంత బరువుకు ఏదీ కరగకుంటె, మరి టీవీల చూపెడ్తరు గద, కొండలకెల్లి కరిగిన రాయి పొంగుతదని. గదేడికెల్లి వచ్చింది?"

వాడు అద్దంలోంచి నా వైపు చూశాడు. అందరూ నా వైపు తిరిగారు.

"లోపల వేడిగా ఉన్న రాయి మెల్లగా పైకి వస్తుందమ్మా" అన్నాను. మాట్లాడుతుంటేనే నా గొంతు వేగం అందుకుంది. "పైకి వస్తున్నకొద్దీ దాని మీద బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే, అదే వేడికి, అంతవరకూ కరగని రాయి కరగడం మొదలుపెడుతుంది!"

"అంటె వేడి ఎక్కువ చెయ్యకుండనె కరుగుతదా?"

"ఎక్కువ చేయకుండానే!"

ఆమె సంచీ పక్కన పెట్టి, నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. "మొదటికెల్లి చెప్పు బిడ్డా" అంది. నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. దిగాల్సిన చోటు దాటిపోయిందని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది.